ముందే నిర్ణయమైన సిజేరియన్: ఆపరేషన్‌కు ముందు, ఆ తర్వాత

నొప్పులు మొదలు కాకముందే తేదీ అనుకుని చేసే సిజేరియన్‌కూ, నొప్పుల మధ్యలో బిడ్డ గుండె చప్పుడు తగ్గి హడావుడిగా చేసే సిజేరియన్‌కూ కోతలో పెద్ద తేడా ఉండదు. తేడా అంతా వ్యవధిలోనే. ముందే నిర్ణయమైన ఆపరేషన్‌కు కొన్ని వారాల గడువు ఉంటుంది. ఆ గడువులో రక్తం పెంచుకోవచ్చు, షుగర్ అదుపులోకి తెచ్చుకోవచ్చు, మత్తు డాక్టర్‌తో మాట్లాడవచ్చు, ఇంటికొచ్చాక పక్కన ఎవరుండాలో తేల్చుకోవచ్చు. తర్వాతి ఆరు వారాలు ఎలా గడుస్తాయన్నది చాలావరకు ఈ పనుల మీదే ఆధారపడుతుంది. ఇంకో మాట కూడా మొదటే చెప్పుకోవాలి. పెద్దాపరేషన్ అయిన స్త్రీ బాలింత మాత్రమే కాదు, పొట్ట కోసి కుట్టిన మనిషి కూడా. బాలింతను చూసుకునే పద్ధతులు ప్రతి తెలుగింట్లోనూ తరాలుగా ఉన్నాయి. అవన్నీ మామూలు కాన్పు చుట్టూ ఏర్పడ్డవి. కుట్లున్న ఒంటికి వాటిలో కొన్ని సరిపోతాయి, కొన్ని సరిపోవు, ఒకటి రెండు నేరుగా హాని చేస్తాయి.

ఈ విషయం తెలుగువారికి దగ్గరగా తగులుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశం మొత్తం మీద నూటికి 21.5 కాన్పులు సిజేరియన్లు. తెలంగాణలో ఆ సంఖ్య 60.7, రాష్ట్రాలన్నిటిలోకీ ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42.4. తెలంగాణ ప్రైవేటు ఆసుపత్రులను విడిగా చూస్తే 81.5, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. జనాభా మొత్తం మీద సిజేరియన్లు పది శాతం దాటాక తల్లీబిడ్డల మరణాలు ఇంకా తగ్గినట్టు కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించింది. ఈ లెక్కలు సమాజానికి సంబంధించినవి. ఒక స్త్రీకి ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఆమె ఒంటి పరిస్థితిని బట్టే తేలుతుంది. అందుకే ‘ఎందుకు చేయాలి?’ అన్న ప్రశ్నకు కుటుంబం స్పష్టమైన జవాబు అడిగి తెలుసుకోవాలి, ఆ జవాబు కేస్‌షీట్‌లో రాసి ఉండాలి.

కచ్చితమైన కారణాలు కొన్ని ఉన్నాయి. మాయ గర్భసంచి ద్వారాన్ని మూసేసి కిందికి ఉంటే మామూలు కాన్పు ప్రాణాంతకం. బిడ్డ అడ్డంగా ఉన్నా, గతంలో గర్భసంచి పైభాగంలో నిలువు కోత పెట్టి ఉన్నా, హెచ్‌ఐవీ ఉన్న తల్లి రక్తంలో వైరస్ ఎక్కువగా ఉన్నా ముందే తేదీ పెట్టడం సరైన నిర్ణయం. కవలల్లో మొదటి బిడ్డ తల కిందికి లేకపోతే కూడా సాధారణంగా ఆపరేషన్‌కే మొగ్గుతారు. ఎదురుకాళ్ళ బిడ్డ విషయంలో ఇంకో దారి ఉంది. 36, 37 వారాల్లో అనుభవమున్న వైద్యులు పొట్ట మీద చేతులతో బిడ్డను తిప్పే ప్రయత్నం చేస్తారు. సుమారు సగం మందిలో అది ఫలిస్తుంది. మొదటి కాన్పు సిజేరియన్ కావడం ఒక్కటే రెండోదానికి తప్పనిసరి కారణం కాదు. మెడ చుట్టూ పేగు వేసుకోవడం కూడా దానంతటదే ఆపరేషన్‌కు కారణం కాదు. క్షేమంగా జరిగే మామూలు కాన్పుల్లోనూ అది తరచుగా కనిపించేదే.

తేదీ దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. తల్లికీ బిడ్డకూ వేరే ఇబ్బంది లేకపోతే ముందే నిర్ణయించిన సిజేరియన్‌ను 39 వారాలు నిండాకే చేయాలి. గర్భంలో బిడ్డ ఊపిరితిత్తుల నిండా ద్రవం ఉంటుంది. నొప్పులు మొదలవగానే బిడ్డ ఒంట్లో విడుదలయ్యే హార్మోన్లు ఆ ద్రవాన్ని పీల్చేయిస్తాయి. నొప్పులు లేకుండా బయటికి తీసిన బిడ్డకు ఈ సాయం అందదు. వారాలు కూడా తక్కువైతే ఆయాసంతో నవజాత శిశు విభాగంలో చేరాల్సి వస్తుంది. 37 వారాల్లో ఈ ముప్పు ఎక్కువ, 38లో కొంత తక్కువ, 39 దాటితే బాగా తక్కువ. ఇంట్లో లెక్క నెలల్లో నడుస్తుంది. తొమ్మిదో నెల పడిందంటే దాదాపు 35 వారాలు గడిచాయని అర్థం. తొమ్మిది నెలలు నిండితేనే 39 వారాలు. ‘తొమ్మిదో నెలలో మంచిరోజు’ అని పెట్టిన ముహూర్తం 36వ వారంలో పడే అవకాశం అలా వస్తుంది. ముహూర్తం మీద నమ్మకమున్న కుటుంబం 39 వారాలు నిండిన రోజు నుంచి ఆపైన వారం లోపు, ఆసుపత్రిలో పూర్తి సిబ్బంది ఉండే పగటి వేళల్లో వెతుక్కుంటే బిడ్డకు నష్టం ఉండదు. తెల్లవారుజామున మూడింటికి పెట్టిన లగ్నం కోసం మత్తు డాక్టర్‌నూ పిల్లల డాక్టర్‌నూ నిద్రలేపి చేయించే ఆపరేషన్ ఎవరికీ మేలు చేయదు. వారాల లెక్కకు మొదటి మూడు నెలల్లో తీసిన స్కానింగ్ అన్నిటికన్నా నమ్మకమైనది. ఎనిమిదో నెల స్కానింగ్ చూపే తేదీ రెండు మూడు వారాలు అటూ ఇటూ కావచ్చు. మాయ కిందికి ఉన్నవారికి, ఒకే మాయను పంచుకునే కవలలకు మాత్రం వైద్యులు 39 దాకా ఆగరు. అక్కడ ఆగడమే ప్రమాదం.

గడువులో చేసుకోవాల్సిన పనుల్లో రక్తానిది మొదటి స్థానం. సిజేరియన్‌లో అర లీటరు నుంచి లీటరు దాకా రక్తం పోవడం మామూలే. హిమోగ్లోబిన్ 12 ఉన్న స్త్రీ దాన్ని తట్టుకుంటుంది. 8 ఉన్న స్త్రీ మంచం దిగలేదు, పాలిచ్చే ఓపిక ఉండదు, కుట్టు మానడం ఆలస్యమవుతుంది. గర్భిణికి 11 గ్రాముల కన్నా తక్కువుంటే రక్తహీనతే. తెలుగు రాష్ట్రాల గర్భిణుల్లో సగానికి పైగా ఈ గీత కిందే ఉన్నారు. ఐరన్ మాత్రను టీ, కాఫీ, కాల్షియం మాత్రలతో కలిపి వేసుకుంటే ఒంటికి పట్టదు. నిమ్మరసంతోనో జామపండుతోనో తీసుకుంటే బాగా పడుతుంది. కాల్షియం రాత్రికి, ఐరన్ మధ్యాహ్నానికి అని విడగొట్టుకోవడం తేలిక. నెలలు దగ్గరపడినా సంఖ్య పెరగకపోతే నరం ద్వారా ఎక్కించే ఐరన్ ఉంది. అది పనిచేయడానికి రెండు మూడు వారాలు పడుతుంది గనుక ఆపరేషన్ ముందురోజు గుర్తొస్తే లాభం లేదు. రక్తం గ్రూపు అరుదైనదైతే, మాయ కిందికి ఉంటే, ఇది మూడో సిజేరియన్ అయితే రక్తనిధిలో యూనిట్లు ముందే సిద్ధం చేయించాలి. షుగర్ ఉన్నవారికి చివరి వారాల అదుపు మరీ ముఖ్యం. తల్లి రక్తంలో చక్కెర ఎక్కువుంటే పుట్టిన కొద్ది గంటల్లో బిడ్డకు చక్కెర పడిపోతుంది, తల్లి కుట్టుకు చీము పట్టే అవకాశమూ పెరుగుతుంది.

మత్తు డాక్టర్ చేసే ముందస్తు పరీక్షను చాలామంది సంతకం పనిగా చూస్తారు. ఆస్తమా, గుండె జబ్బు, మందుల ఎలర్జీ, గతంలో మత్తు పడని అనుభవం, రక్తం పలచబడే ఇంజెక్షన్లు, బీపీ రాకుండా వేసుకునే ఆస్పిరిన్, కదులుతున్న పన్ను, అన్నీ అక్కడ చెప్పాలి. రక్తం పలచబరిచే మందు ఎప్పుడు ఆపాలో తేలకపోతే నడుము ఇంజెక్షన్ ఇవ్వడమే కుదరకపోవచ్చు.

తొలి కాన్పు పుట్టింట్లో అన్న ఆచారం వల్ల ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో ఊరు మారుతుంది, ఊరితో పాటు ఆసుపత్రీ మారుతుంది. కొత్త వైద్యుల చేతికి ఏమీ తెలియని కేసు వెళ్ళకూడదంటే మాతాశిశు సంరక్షణ కార్డు, మొదటి స్కానింగ్, రక్తపరీక్షలు, పాత ఆపరేషన్ కాగితాలు ఒకే ఫైల్లో వెంట ఉండాలి. ప్రభుత్వ ఆసుపత్రిలో అయితే 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద సిజేరియన్, మందులు, పరీక్షలు, రక్తం ఉచితం. ఆపరేషన్ అయిన తల్లికి ఏడు రోజుల దాకా భోజనం కూడా పెట్టాలి. ఉద్యోగినులకు 2017 చట్ట సవరణతో మొదటి రెండు కాన్పులకు 26 వారాల జీతంతో కూడిన సెలవు ఉంది. అందులో ఎనిమిది వారాలకు మించి ముందు వాడుకోకూడదు.

కుటుంబ నియంత్రణ నిర్ణయం కూడా ఈ గడువులోనే తీసుకోవాలి. రెండో సిజేరియన్‌తో పాటే కు.ని. ఆపరేషన్ చేయించడం తెలుగు రాష్ట్రాల్లో దాదాపు రివాజు. మళ్ళీ మత్తు, మళ్ళీ కోత లేకుండా పోతుందన్నది నిజమే. అయితే అది శాశ్వతం. చాలామంది స్త్రీలకు అప్పటికి వయసు చాలా తక్కువ. బల్ల మీద పడుకోబెట్టాక సంతకం అడగడం అన్యాయం. వారాల ముందే భార్యాభర్తలు కూర్చుని మాట్లాడుకోవాలి, చివరి మాట ఆమెది కావాలి. శాశ్వతం వద్దనుకుంటే సిజేరియన్ సమయంలోనే గర్భసంచిలో కాపర్-టీ వేయించుకోవచ్చు.

ముందు రాత్రి తేలిగ్గా అరిగే భోజనం చేయాలి. ఘనాహారం ఆపరేషన్‌కు ఆరు గంటల ముందు, నూనె వస్తువులూ మాంసమూ ఎనిమిది గంటల ముందు ఆపాలి. మంచినీళ్ళు రెండు గంటల ముందు దాకా తాగవచ్చు. పాలూ, పాలు కలిపిన కాఫీ టీలూ కడుపులో గడ్డకడతాయి కాబట్టి వాటిని అన్నం లెక్కలోనే వేయాలి. ‘ఒక గుక్క కాఫీయే కదా’ అని తాగించడం వల్ల ఆపరేషన్ వాయిదా పడిన సందర్భాలు ప్రతి ఆసుపత్రిలోనూ ఉంటాయి. అలాగని రాత్రి పది నుంచి మర్నాడు మధ్యాహ్నం దాకా చుక్క నీరు లేకుండా ఉంచడం కూడా తప్పే, ఆ స్త్రీ నీరసంతో, తలనొప్పితో బల్ల ఎక్కుతుంది. ఉదయం సబ్బుతో స్నానం చేయాలి. ఇంట్లో రేజర్‌తో వెంట్రుకలు తీయకూడదు. కంటికి కనపడని గాట్ల నుంచే క్రిములు లోపలికి వెళ్తాయి. అవసరమైతే ఆసుపత్రిలో క్లిప్పర్‌తో కత్తిరిస్తారు. సూత్రాలు, మెట్టెలు, గాజులు, ముక్కుపుడక తీసి ఇంట్లోనే భద్రం చేయాలి. రక్తనాళాలను కాల్చి మూసే పరికరం కరెంటుతో పనిచేస్తుంది, ఒంటి మీది లోహం దగ్గర చర్మం కాలే ప్రమాదముంది. సూత్రం తీయడానికి మనసొప్పనివారు పసుపుకొమ్ము దారం కట్టుకుంటారు, దానికి అడ్డు లేదు. గోళ్ళ రంగూ, నల్లగా పండిన గోరింటాకూ వేలికి తగిలించే ఆక్సిమీటర్ లెక్కను తప్పు చూపించవచ్చు. ఒక చేతి వేళ్ళయినా ఖాళీగా ఉంచుకోవాలి.

థియేటర్‌లో జరిగేది తెలిసి ఉంటే భయం సగం తగ్గుతుంది. బల్ల అంచున కూర్చోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనించి, నడుము వెనక్కి విల్లులా వంచమంటారు. సన్నని సూదితో వెన్ను నీటిలోకి మందు వెళ్తుంది. నిమిషాల్లో కాళ్ళు వెచ్చబడి, బరువెక్కి, కదలడం మానేస్తాయి. చల్లని స్పిరిట్ దూదిని తాకించి మత్తు ఎంతవరకు ఎక్కిందో చూస్తారు. బీపీ ఒక్కసారి పడిపోయి కళ్ళు తిరగడం, వికారం రావచ్చు. వెంటనే చెబితే మందుతో సర్దుతారు. గర్భసంచి బరువు పెద్ద రక్తనాళాల మీద పడకుండా బల్లను కొంచెం ఎడమకు వంచి ఉంచుతారు. కోతకు ముందే యాంటీబయాటిక్ ఇస్తారు. పొత్తికడుపు కింద అడ్డంగా పెట్టే కోతను జర్మన్ వైద్యుడు ఫానెన్‌స్టీల్ 1900లో వివరించాడు. చర్మం, కొవ్వు, దాని కింది గట్టి పొర కోస్తారు. కండరాలను మాత్రం కోయరు, పక్కకు జరుపుతారు. నొప్పి ఉండదు గానీ లాగుతున్నట్టూ, కదిలిస్తున్నట్టూ తెలుస్తుంది. బిడ్డ బయటికొచ్చే క్షణాన పొట్ట పైభాగాన్ని గట్టిగా నొక్కుతారు. మొదటి కోత నుంచి బిడ్డ ఏడుపు దాకా పది నిమిషాలు పట్టకపోవచ్చు, పొరలన్నీ తిరిగి కుట్టడానికి అరగంట పైనే పడుతుంది. బిడ్డ బాగుంటే బొడ్డుతాడును నిమిషం ఆగి బిగిస్తారు, ఆ నిమిషంలో బిడ్డకు రక్తం, దానితో ఐరన్ అందుతాయి. కుట్లు వేస్తుండగానే బిడ్డను తల్లి రొమ్ము మీద పడుకోబెట్టే ఆసుపత్రులు ఉన్నాయి. కావాలంటే ముందుగా అడగాలి.

మొదటి రోజంతా రెండు విషయాల మీద కన్ను వేసి ఉంచుతారు: రక్తస్రావం ఎంత, గర్భసంచి గట్టిపడిందా లేదా. కాళ్ళు కదలడానికి కొన్ని గంటలు పడుతుంది. ‘గ్యాస్ పోయిందా?’ అని సిస్టర్లు అడిగే ప్రశ్నకు జవాబు వచ్చేదాకా ఏమీ పెట్టకపోవడం పాత పద్ధతి. ఇబ్బంది లేకుండా జరిగిన ఆపరేషన్‌లో, వాంతులు లేకపోతే, కొన్ని గంటల్లోనే నీళ్ళు, తర్వాత ఇడ్లీ, జావ, మెత్తని అన్నం మొదలుపెట్టడం వల్ల పేగు త్వరగా కదులుతుందని ఇప్పటి వైద్యం చెబుతోంది. యూరిన్ పైపును 12 నుంచి 24 గంటల లోపు తీస్తారు. అదే రోజో మర్నాడు ఉదయమో నడిపిస్తారు. ‘పచ్చి ఒళ్ళు, అప్పుడే నడిపిస్తారా’ అని పెద్దవాళ్ళు బాధపడతారు గానీ, బాలింత రక్తం సులువుగా గడ్డకట్టే స్థితిలో ఉంటుంది, కదలని కాలిలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తులకు చేరితే ప్రాణానికే ముప్పు. లేవడానికో పద్ధతి ఉంది. వెల్లకిలా ఉన్నచోటి నుంచి పైకి లేవబోతే కుట్టు లాగుతుంది. మోకాళ్ళు మడిచి, పక్కకు తిరిగి, కాళ్ళు మంచం దించుతూ మోచేతితో ఒళ్ళు పైకి నెట్టాలి. దగ్గు, తుమ్ము వచ్చినప్పుడు చిన్న తలగడను కుట్టు మీద అదిమి పట్టుకోవాలి. నొప్పి మాత్ర నొప్పి పెరిగాక కాకుండా వేళకు వేసుకోవాలి. పారాసెటమాల్, ఐబుప్రోఫెన్ లాంటివి పాలిచ్చే తల్లికి సురక్షితమే. నొప్పితో బిగుసుకుపోయిన తల్లి నడవలేదు, బిడ్డను ఎత్తుకోలేదు.

వెన్ను ఇంజెక్షన్ మీద ఉన్న భయాల్లో ఒకటి నిజం, ఒకటి కాదు. కొద్దిమందికి సూది రంధ్రం నుంచి వెన్ను నీరు కారి ఒకటి రెండు రోజుల్లో తలనొప్పి వస్తుంది. కూర్చుంటే పెరగడం, పడుకుంటే తగ్గడం దాని గుర్తు. దానికి చికిత్స ఉంది. తలగడ లేకుండా రోజంతా వెల్లకిలా పడుకోబెట్టడం వల్ల ఆ తలనొప్పి రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదు. ఏళ్ళ తరబడి ఉండే నడుము నొప్పికి కూడా ఆ ఇంజెక్షనే కారణమని చాలామంది గట్టిగా నమ్ముతారు. మామూలు కాన్పు అయినవారిలోనూ అంతే నొప్పి కనిపిస్తుంది. గర్భంతో సడలిన కీళ్ళు, బలహీనపడిన పొట్ట కండరాలు, వంగి పాలివ్వడం దాని అసలు కారణాలు.

సిజేరియన్ తర్వాత పాలు పడడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు. ఆ రెండు రోజులకూ ముర్రుపాల చుక్కలే చాలు, ఎందుకంటే పుట్టిన బిడ్డ పొట్ట చాలా చిన్నది. డబ్బా పాలు, తేనె, పంచదార నీళ్ళు పట్టిస్తే బిడ్డ రొమ్ము పట్టడం తగ్గి, పాలు ఇంకా ఆలస్యమవుతాయి. కుట్టు మీద బరువు పడకుండా తల్లి పక్కకు తిరిగి పడుకుని ఇవ్వవచ్చు, లేదా బిడ్డను చంక కింద కాళ్ళు వెనక్కి ఉండేలా పట్టుకుని ఇవ్వవచ్చు. మొదటి రోజుల్లో బిడ్డను రొమ్ముకు పట్టించడానికి పక్కన ఒక మనిషి తప్పనిసరి.

పథ్యం దగ్గర మాత్రం మొహమాటం లేకుండా మాట్లాడాలి. పప్పు తింటే కుట్టు చీము పడుతుందని, నీళ్ళు ఎక్కువ తాగితే పొట్ట వస్తుందని, పండ్లూ పెరుగూ జలుబు చేస్తాయని చెప్పి వారాల పాటు కారప్పొడి అన్నంతో, కొద్దిపాటి నీళ్ళతో ఉంచే ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. కుట్టు మానాలంటే మాంసకృత్తులు కావాలి. పప్పు, గుడ్డు, పాలు, చేప, మాంసం ఇచ్చేవి అవే. చీము పట్టించేది క్రిములు, రక్తహీనత, షుగర్. కందిపప్పుకు ఆ పాపం లేదు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్కలో మొదటి ఆరు నెలలు పాలిచ్చే తల్లికి రోజూ 600 కిలో కేలరీలు, సుమారు 17 గ్రాముల మాంసకృత్తులు అదనంగా అవసరం. నీళ్ళు తగ్గితే మలబద్ధకం వస్తుంది, ముక్కితే కుట్టు నొప్పి పుడుతుంది, మూత్రంలో మంట కూడా రావచ్చు. వెల్లుల్లి, మిరియాలు, శొంఠి, నువ్వులు, నెయ్యి వేసిన వేడి అన్నం లాంటి పాత పద్ధతుల్లో చెడు ఏమీ లేదు. వాటికి పప్పు, ఆకుకూర, పండు, నిండా నీళ్ళు కలిస్తే పథ్యం మంచి భోజనమవుతుంది.

కుట్టు మీది కట్టును సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. ఆ తర్వాత గోరువెచ్చని నీళ్ళతో రోజూ స్నానం చేసి మెత్తని బట్టతో అద్ది తుడుచుకోవాలి. పదకొండో రోజు పురుటి స్నానం దాకా ఒళ్ళు తడపకూడదన్న నియమం కోతకు మంచిది కాదు. పసుపు, నూనె, పౌడర్ దాని మీద పూయకూడదు. బిందెలతో పొట్ట మీద వేడినీళ్ళు కొట్టడం, నలుగు పెట్టి రుద్దడం కుట్లు మానేదాకా ఆపాలి. నడికట్టు గట్టిగా బిగిస్తే పొట్ట తగ్గదు. నడిచేటప్పుడు ఆసరాగా వదులుగా కట్టుకుంటే చాలామందికి హాయిగా ఉంటుంది. మూసిన గదిలో సాంబ్రాణి పొగ పసిబిడ్డ ఊపిరితిత్తులకు చెడ్డది, దాన్ని పూర్తిగా మానేయాలి. కోత చుట్టూ మొద్దుబారినట్టు ఉండడం నెలల పాటు సాగవచ్చు, అందులో భయపడాల్సింది లేదు.

ఆరు వారాలు బిడ్డను మించిన బరువు ఎత్తకూడదు. నీళ్ళ బిందె, గ్యాస్ సిలిండర్, తడిబట్టల బకెట్, పరుగెత్తుకొచ్చే పెద్దబిడ్డ, అన్నీ ఆ లెక్కలోవే. మెట్లు నెమ్మదిగా ఎక్కవచ్చు. గొంతుక్కూర్చునే మరుగుదొడ్డి మొదటి రోజుల్లో కష్టం కాబట్టి కమోడ్ కుర్చీ ఏర్పాటు ముందే చేసుకోవాలి. బ్రేకు గట్టిగా తొక్కినా నొప్పి లేదనిపించేదాకా, అంటే సుమారు ఆరు వారాల దాకా, స్కూటీ, కారు నడపకూడదు. రక్తస్రావం ఆరు వారాల్లోపు క్రమంగా ఆగుతుంది. నెలసరి రాకముందే గర్భం రావచ్చు కాబట్టి గర్భనిరోధకం గురించి ఆరు వారాల చెకప్‌లో మాట్లాడాలి.

జ్వరం 100.4 డిగ్రీలు దాటినా, కుట్టు ఎర్రబడి చీము కారినా, గంటలో ప్యాడ్ పూర్తిగా తడిసినా, ఒక కాలు మాత్రమే వాచి నొప్పి పెట్టినా, ఆయాసం వచ్చినా, తీవ్రమైన తలనొప్పితో చూపు మసకబారినా అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి. బీపీ పెరిగి ఫిట్స్ వచ్చే గుర్రపువాతం కాన్పు తర్వాత కూడా రావచ్చు, గర్భంలో బీపీ లేనివారికీ రావచ్చు. మనసు సంగతి కూడా వీటితో సమానమైనదే. మొదటి వారంలో ఊరికే కన్నీళ్ళు రావడం సాధారణం. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, బిడ్డ మీద ఆసక్తి లేకపోతే, చనిపోవాలన్న మాట నోటి వెంట వస్తే అది జబ్బు, దానికి వైద్యం ఉంది. టెలిమానస్ 14416 నంబర్‌లో తెలుగులోనూ మాట్లాడతారు. మామూలుగా కనలేకపోయావన్న చుట్టాల మాట ఈ రోజుల్లో తల్లిని చాలా గాయపరుస్తుంది. ఆ మాట ఇంట్లోకి రాకుండా చూడాల్సింది భర్తా, తల్లీ.

మరో బిడ్డ కావాలనుకునేవారు కనీసం ఏడాదిన్నర, వీలైతే రెండేళ్ళు ఆగి గర్భం దాల్చాలి. ప్రతి కొత్త కోతతో మాయ పాత మచ్చలోకి చొచ్చుకుపోయే ముప్పు పెరుగుతుంది. మాయ కిందికి ఉన్న స్త్రీలలో మొదటి సిజేరియన్ నాడు ఆ ముప్పు నూటికి 3, రెండోసారి 11, మూడోసారి 40. అందుకే తర్వాతి గర్భంలో మాయ పాత కుట్టు మీద ఉందో లేదో స్కానింగ్‌లో ప్రత్యేకంగా చూడమని అడగాలి. ఒకసారి సిజేరియన్ అయితే ప్రతిసారీ సిజేరియనే అన్న సూత్రం 1916లో న్యూయార్క్ వైద్యుడు ఎడ్విన్ క్రాగిన్ మాటగా వ్యాపించింది. అప్పటి కోతలు గర్భసంచికి నిలువుగా పెట్టినవి. ఇప్పటి కింది అడ్డకోత బలంగా మానుతుంది. ఒక్కసారే అలాంటి కోత ఉండి, వేరే ఇబ్బంది లేక, మామూలు కాన్పు ప్రయత్నించినవారిలో నలుగురికి ముగ్గురు విజయవంతంగా ప్రసవిస్తారు. పాత కుట్టు విడిపోయే ప్రమాదం సుమారు 200 మందిలో ఒకరికి ఉంటుంది కనుక, రాత్రీ పగలూ థియేటర్ నడిచే ఆసుపత్రిలోనే ఆ ప్రయత్నం చేయాలి. ఈ నిర్ణయానికి ఆధారం పాత ఆపరేషన్ కాగితమే. డిశ్చార్జి నాడే ఆ కాగితంలో సిజేరియన్ ఎందుకు చేశారో, గర్భసంచి మీద కోత అడ్డమో నిలువో రాయించుకోవాలి. కోత నిలువుదైతే మామూలు కాన్పు ప్రయత్నం ఉండదు. తర్వాతి సిజేరియన్‌ను 39 వారాల దాకా ఆగకుండా 36, 37 వారాల మధ్యే చేస్తారు.